మీది కోవిడ్ బ్యాచా?

రెండేళ్ళ కిందట కర్నూల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఇంటర్వ్యూకి వెళ్ళాను. బల్లకు అటువైపు ముగ్గురు. నా సర్టిఫికెట్లు తిరగేస్తున్న పెద్దాయన కళ్ళజోడు కిందికి దించి, "2019 అడ్మిషనా? అంటే మీది కోవిడ్ బ్యాచా?" అన్నాడు. పక్కాయన చిన్నగా నవ్వాడు. మూడో ఆయన, "వెంటిలేటర్లతో బాగానే కుస్తీ పట్టుంటారు. మరి బ్లాకులూ అవీ చేయి తిరిగిందా?" అని అడిగాడు.

నేను మత్తు డాక్టర్ని. బ్లాకు అంటే మనిషినంతా నిద్రపుచ్చకుండా చెయ్యో కాలో ఒక్కటే తిమ్మిరెక్కేలా నరం పక్కన ఇచ్చే మందు. రోజూ చేస్తూ పోతే గానీ వేళ్ళకు పట్టుబడదు. నేను చేసినవి తక్కువ. ఆ మాటే చెప్పాను. ఉద్యోగం ఇచ్చారు, అది వేరే సంగతి.

ఇంటికొస్తూ రాజ్‌విహార్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు గానీ కోపం రాలేదు నాకు. వాళ్ళు అడిగిందంతా నేను నేర్చుకోలేకపోయినదాని గురించి. నేర్పకుండానే మా చేత చేయించిన పనుల గురించి ఎవరూ అడగలేదు. మొదటి లెక్క అందరూ వేస్తున్నారు. ఇక్కడ నేను రాసేది రెండో లెక్క.

పీజీ చేసిన ఆసుపత్రి పేరు రాయను. కర్నూలు మెడికల్ కాలేజీ 1956 నాటిది, అనంతపురానిది 2000లో వచ్చింది, కడప రిమ్స్ 2006లో. వీటిలో ఒకటనుకున్నా, ఇంకెక్కడో అనుకున్నా మీ ఇష్టం. పేరు రాస్తే మాట ఆ ఆసుపత్రి మీదికీ, అప్పటి పెద్దల మీదికీ పోతుంది. వేరే రాష్ట్రాల్లో చదివిన స్నేహితులు చెప్పేదీ ఇంచుమించు ఇదే కథ గనక, పేరుతో పని లేదు.

2020 ఏప్రిల్‌లో కర్నూలు పేరు రోజూ టీవీలో వచ్చేది. రాష్ట్రంలో ఎక్కువ కేసులున్న జిల్లాల్లో మాది ముందుండేది. మా అమ్మానాన్న ఉండే వీధికి రెండు వైపులా బొంగులు కట్టేశారు. అమ్మ పొద్దునా సాయంత్రం ఫోన్ చేసి ఒకటే ప్రశ్న, "అన్నం తింటివా?" అని. తిన్నానా లేదా అన్నది ఆమెకు అసలు ప్రశ్న కాదు, నా గొంతు వినాలి అంతే. నాకప్పటికి ఫస్టియర్ పీజీ పూర్తి కావస్తోంది.

అప్పట్లో మా డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. కోవిడ్ పేషెంటుకు గొంతులో ట్యూబ్ వెయ్యాల్సి వస్తే అక్కడున్నవాళ్ళలో బాగా అనుభవమున్నవాళ్ళే వెయ్యాలి, గదిలో మనుషులు వీలైనంత తక్కువ ఉండాలి, నేర్చుకునేవాళ్ళు లోపలికి రాకూడదు. ఇది మా వాళ్ళు సొంతంగా పెట్టింది కాదు. ప్రపంచమంతా మత్తు డాక్టర్ల సంఘాలు అప్పుడు చెప్పిందే. దానికి కారణమూ ఉంది. ట్యూబ్ వేసేవాడి ముఖం పేషెంటు నోటికి జానెడు దూరంలో ఉంటుంది. మొదటిసారికే పడాలి. తడబడి రెండోసారి, మూడోసారి ప్రయత్నిస్తే పేషెంటుకూ ముప్పు, మనకూ ముప్పు. కాబట్టి ఆ నియమాన్ని నేను తప్పుపట్టను. ఇప్పుడు రాయమన్నా అదే రాస్తాను. కాకపోతే దాని కింద ఇంకో వాక్యం కలుపుతాను.

ఆ వాక్యమేమిటో చెప్పే ముందు ఒక రాత్రి గురించి చెప్పాలి.

ఆగస్టు 2020. రాష్ట్రంలో రోజుకు 10 వేల కేసులు దాటుతున్న రోజులు. కోవిడ్ ఐసీయూలో రాత్రి ఎనిమిది నుంచి డ్యూటీ. నేను సెకండియర్ పీజీని. నాతో మెడిసిన్ పీజీ ఒకబ్బాయి, ఇద్దరు సిస్టర్లు, ఒక ఎంఎన్‌ఓ, అంటే వార్డులో సాయం చేసే మగమనిషి. రాత్రి రెండున్నరకి మూలమంచం మీది మనిషికి ఆక్సిజన్ పడిపోవడం మొదలైంది. మగ్గం పని చేసే మనిషి, యాభై దాటి ఉంటాయి. బ్యాగున్న మాస్కుతో నిమిషానికి 15 లీటర్లు పోతోంది, అయినా మానిటర్ మీద 74. బోర్లా పడుకోబెట్టి చూశాం. గంట బాగుంది, మళ్ళీ దిగింది. "ఊపిరాడ్తా లేదు మేడం" అన్నాడు. ఆ మూడు మాటలకు మూడుసార్లు ఆగాడు.

నోటీసు ప్రకారం అనుభవమున్నవాళ్ళు వెయ్యాలి. ఆ గదిలో బాగా అనుభవమున్నది ఎవరయ్యా అంటే నేనే. ఏడాదిలో ఆపరేషన్ థియేటర్లో ట్యూబులు వేశాను గానీ, వేసిన ప్రతిసారీ వెనక ఒక సారో మేడమో ఉన్నారు. "కొంచెం పైకెత్తమ్మా, పళ్ళ మీద ఆనించొద్దు" అని చెవిలో చెప్తూ ఉన్నారు. మార్చి నుంచి మామూలు ఆపరేషన్లు ఆగిపోయాయి. కోవిడ్ ట్యూబులు పగలైతే సీనియర్లు వేసేవాళ్ళు, మమ్మల్ని బయట నిలబెట్టి. అంటే అయిదు నెలలుగా నేను ట్యూబ్ వేసింది చాలా తక్కువ, కోవిడ్ పేషెంటుకు వేస్తుంటే కళ్ళతో చూసింది కూడా లేదు.

సార్‌కి ఫోన్ చేశాను. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫోన్, స్పీకర్ పెట్టి సెలైన్ స్టాండుకు వేలాడదీశాం. సార్ వెంటనే ఎత్తారు, నిద్రపోలేదనుకుంటా. "నేను బయల్దేరి, పీపీఈ వేసుకుని వచ్చేసరికి ముక్కాలు గంట పడుతుంది. అంతసేపు ఆగేట్టు లేడు. నువ్వే వెయ్యమ్మా, నేను లైన్లో ఉంటా" అన్నారు.

మందులు లాగాను. స్కోలిన్ ఇచ్చాను. ఈ మందు ఇచ్చాక మనిషి సొంతంగా ఊపిరి తీసుకోలేడు, ఇక బాధ్యత మనది. గొంతులోకి చూసే లైటు పరికరం, లారింగోస్కోప్, నోట్లోకి పెట్టి వంగాను. ఏమీ కనబడలేదు. గొంతులో ఇబ్బంది కాదు, నా కళ్ళద్దాలకి. లోపల నా ఊపిరికే ఆవిరి పట్టి పాలగ్లాసులా అయిపోయాయి. తుడుచుకోవడానికి లేదు, తియ్యడానికి అసలే లేదు. తల ఆ పక్కకీ ఈ పక్కకీ వంచి చూస్తే, ఒక చెమట చుక్క జారిన చోట సన్నటి గీత స్పష్టంగా ఉంది. ఆ గీతలోంచి వెతుకుతున్నాను. మొదటిసారి పడలేదు. బయటికి తీశాను. ఆక్సిజన్ పడేకొద్దీ మానిటర్ శబ్దం కిందిస్థాయికి దిగుతోంది. ఆ శబ్దం మారడం వింటే చాలు, అంకె చూడక్కర్లేదు మాకు. ఫోన్లోంచి సార్ ఏదో చెప్తున్నారు, తల మీది గుడ్డల మధ్య నుంచి సగం వినబడలేదు. రెండోసారి అదే గీతలోంచి స్వరతంత్రులు కనబడ్డాయి, ట్యూబ్ దిగింది. పీపీఈలో స్టెతస్కోప్ పెట్టుకునే వీలుండదు గనక ఊపిరితిత్తుల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ గీత మానిటర్ మీద లేచేదాకా ట్యూబ్ సరిగ్గా ఉందో లేదో తెలియదు. ఆ గీత లేచింది.

అప్పుడు సీనియర్ సిస్టర్ అడిగింది. "అద్దాలకు సబ్బు రాసుకోలేదా మేడం?"

లోపలివైపు ఒక చుక్క చేతులు కడుక్కునే సబ్బునీళ్ళు పూసి, ఆరనిచ్చి, మెత్తటి గుడ్డతో తుడిస్తే ఆవిరి పట్టదట. సిస్టర్లందరికీ తెలుసు. ఏప్రిల్ నుంచీ తెలుసు. నాకు చెప్పినవాళ్ళు లేరు, నేను అడిగిందీ లేదు.

ఆ మనిషి అయిదో రోజు చనిపోయాడు. మొదటిసారి పడకపోవడం వల్ల పోయాడని నేననుకోను, ఊపిరితిత్తులు అప్పటికే పూర్తిగా పాడయ్యాయి. కానీ ఆ నలభై సెకన్లు నా లెక్కలోంచి పోవు.

పొద్దున ఎనిమిదికి బయటికొచ్చాక పీపీఈ విప్పే గదిలో నేనొక్కదాన్నే. వేసుకోవడం కంటే విప్పడం ప్రమాదం. బయటివైపు అంటుకున్నదంతా విప్పేటప్పుడే మనకు అంటుతుంది. ప్రతి మెట్టు దగ్గరా చేతులు శుభ్రం చేసుకోవాలి, ఎన్95 అన్నిటికన్నా చివర తియ్యాలి. గోడ మీద బొమ్మలతో పోస్టరుంది. కానీ పన్నెండు గంటలు మంచినీళ్ళు తాగకుండా, బాత్రూముకు పోకుండా ఉన్నవాళ్ళు పోస్టర్లు చదవరు. నాకు గుర్తున్నంతవరకు ముందు మాస్కే లాగేశాను. గాలి కోసం. "ఆగు, ముందు చేతులు" అని చెప్పే మనిషి ఒకరు పక్కన ఉండుంటే చాలు. ఆ మనిషి డాక్టరే కానక్కర్లేదు. వారం తిరక్కముందే నాకు పాజిటివ్ వచ్చింది. అక్కడే అంటుకుందని రుజువేమీ లేదు, నా అనుమానం అంతే. ఇంకో అనుమానమూ ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు ఆ నోటీసు కింద కలపాల్సిన వాక్యం. "నేర్చుకునేవాళ్ళు లోపలికి రాకూడదు" అని రాసినవాళ్ళు, "నేర్చుకునేవాళ్ళను లోపల ఒంటరిగా వదలకూడదు" అని కూడా రాసి ఉండాల్సింది. మొదటిది మాత్రమే రాసి రెండోది రాయకపోతే ఏమవుతుంది? పగలు సీనియర్లున్నప్పుడు జూనియర్ బయట, రాత్రి సీనియర్లు లేనప్పుడు జూనియర్ ఒక్కతే లోపల. భద్రత కోసం పెట్టిన నియమం వల్లే, చెయ్యాల్సి వచ్చిన రాత్రికి ఆ పిల్లకు ఏమీ రాకుండా పోయింది. పీజీల శిక్షణా, పీజీల భద్రతా రెండు వేర్వేరు విషయాలనీ, గండం గడిచేదాకా శిక్షణను అటక మీద పెట్టొచ్చనీ అనుకున్నారు. నా వాదనంతా ఇదే: ఆ రెండూ ఒకటే. నాకు ఆ రాత్రి తక్కువైంది మాస్కు కాదు. మాస్కుంది, గౌనుంది, రెండు జతల గ్లవుజులున్నాయి. ముందుగా ఒక్కసారి చూపించిన మనిషి లేడు.

దీనికి ఎప్పుడూ వచ్చే జవాబు నాకు తెలుసు. "యుద్ధం జరుగుతుంటే ట్రైనింగేమిటమ్మా?" అని. ఇంకోటి, "పీజీలంటే చిన్నపిల్లలా? ఎంబీబీఎస్ పాసై రిజిస్ట్రేషన్ ఉన్న డాక్టర్లే కదా?" అని. రెండోది నిజం. మేం డాక్టర్లమే, ఆ బాధ్యత మాది. పారిపోవాలని ఎవరూ అనుకోలేదు. అయితే ఎంబీబీఎస్‌లో వెంటిలేటర్ నాబ్ తిప్పడం నేర్పరు. లైసెన్సుంది కదా అని మొదటిరోజే లారీ తాళాలిచ్చి ఘాట్ రోడ్డు ఎక్కమంటామా?

మొదటి జవాబుకు 1952 నాటి కోపెన్‌హాగన్ సంగతి చెప్తాను. మా సబ్జెక్టులో అందరం చదివేదే. డెన్మార్క్‌లో పోలియో విజృంభించింది. బ్లెగ్‌డమ్ అనే ఆసుపత్రికి ఊపిరాడని పిల్లలు బారులు తీరారు. మొదటి మూడు వారాల్లో ఊపిరి సమస్య వచ్చిన 31 మందిలో 27 మంది చనిపోయారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్, గొంతులో రంధ్రం చేసి ట్యూబ్ పెట్టి, రబ్బరు సంచి చేత్తో నొక్కుతూ గాలి పంపితే బతుకుతారని చేసి చూపించాడు. అన్ని సంచులు రాత్రింబగళ్ళు నొక్కేదెవరు? వైద్య విద్యార్థులు. దాదాపు 1500 మంది. షిఫ్టుల ప్రకారం మంచం పక్కన కూర్చుని నొక్కారు. చావులు సగానికి పైగా తగ్గిపోయాయి. ఈ రోజు మనం ఐసీయూ అంటున్నది అక్కడే పుట్టింది.

కాబట్టి విపత్తులో విద్యార్థులను వాడొద్దని నేననడం లేదు. ఆ 1500 మందికి ఇచ్చిన పని ఒక్కటి, స్పష్టమైనది. చూపించి అప్పజెప్పారు. నొక్కీ నొక్కీ చెయ్యి నొప్పెడితే తీసుకునేవాళ్ళు ఉన్నారు, సందేహమొస్తే పిలవడానికి హాల్లోనే మత్తు డాక్టర్లున్నారు. యుద్ధంలో ట్రైనింగ్ కుదరదనేవాళ్ళు ఆ హాలుని ఊహించుకోవాలి.

దీనికి ఎదురు ఉదాహరణ 2003 సార్స్, కోవిడ్ లాంటిదే ఇంకో ఊపిరితిత్తుల జబ్బు. హాంకాంగ్‌లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఆసుపత్రి 8ఏ వార్డులో ఒక రోగికి నెబ్యులైజర్, అంటే మందును తుంపర్లుగా చేసి పీల్పించే యంత్రం, పెట్టారు. అప్పటికి అది సార్స్ అని ఎవరికీ తెలియదు. ఆ వార్డు నుంచి డాక్టర్లకూ నర్సులకూ సోకింది. మంచం పక్కన క్లినికల్ పరీక్షకని వచ్చిన వైద్య విద్యార్థులకూ సోకింది. అలాంటప్పుడు విద్యార్థులను వార్డు నుంచి పంపించెయ్యడమే సరి. తెలియని జబ్బు మొదటి రోజుల్లో ఆపాలి. ఆపి, జబ్బు తీరు తెలిశాక, పద్ధతి నేర్పి లోపలికి తేవాలి. మా దగ్గర మధ్యలో ఉన్న ఆ "నేర్పి" ఎగిరిపోయింది.

నేర్పలేదంటే క్లాసులు జరగలేదని కాదు. జూమ్‌లో జరిగాయి, బ్రహ్మాండంగా జరిగాయి. పై అంతస్తులో వెంటిలేటర్ అలారాలు మోగుతుంటే కింద హాస్టల్లో కూర్చుని, పాత కాలపు మత్తు సర్క్యూట్ల మీద సెమినార్లు విన్నాం. సిలబస్ కదా మరి. అప్పుడు నెలనెలా మారుతున్నది సిలబస్‌లో లేని సంగతి. ఏప్రిల్‌లో ఆలస్యం చెయ్యకుండా ట్యూబ్ వేసెయ్యండి అన్నారు, ఎండాకాలం దాటేసరికి ఆగి చూడండి, బోర్లా పడుకోబెట్టండి అన్నారు. జూన్ 16న బ్రిటన్ నుంచి డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ చావులు తగ్గిస్తుందన్న ఫలితం వచ్చింది, రోజుకు 6 మిల్లీగ్రాములు, మన మెడికల్ షాపుల్లో చిల్లరకు దొరికే మందు. ఇవన్నీ మాకు వాట్సాప్ ఫార్వర్డులుగా వచ్చాయి, కషాయం ఫార్వర్డుల మధ్యలో.

సీనియర్లు పిరికివాళ్ళని రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే, కాదు. మా సార్‌కి అప్పటికి గుండెలో రెండు స్టెంట్లున్నాయి, షుగరుంది. ఆయన వయసువాళ్ళకు ఆ జబ్బు వస్తే ఏమవుతుందో రోజూ చూస్తున్నది మేమే. ఆయన్ని లోపలికి రమ్మనడం నా ఉద్దేశం కాదు. లోపల ఉండాల్సింది ఆయన ఒళ్ళు కాదు, ఆయన కళ్ళు. ఐసీయూ గోడకు ఒక అద్దం కిటికీ, అవతల ఒక కుర్చీ, ఒక మైకు. లేదా ఒక కెమెరా. ఊళ్ళో కిరాణా కొట్లకు కూడా సీసీ కెమెరాలుంటాయి. ఆ రాత్రి సార్ అద్దం అవతల ఉండుంటే నేను మందు లాగకముందే "నీ అద్దాలు మసకబారాయమ్మా, బయటికెళ్ళి మార్చుకుని రా, ఈలోపు ఆ అబ్బాయి మాస్క్ పట్టుకుంటాడు" అనేవారు. ఫోన్లో ఆయనకు నా అద్దాలు కనబడవు.

అద్దమూ కెమెరా కూడా లేకపోయినా, బొమ్మ ఉంది. ట్యూబ్ వెయ్యడం నేర్చుకునే రబ్బరు బొమ్మ. మా సెమినార్ హాలు బీరువాలో తాళం వేసి ఉండేది, పాడైపోతుందని. మార్చి నుంచి ఆగస్టు దాకా థియేటర్లు ఖాళీ. రోజుకో అరగంట పీపీఈ వేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని ఆ బొమ్మ మీద ట్యూబ్ వేసి ఉంటే ఆవిరి సంగతి నాకు మొదటిరోజే తెలిసేది. మనిషి మీద తెలిసింది.

రెండో అనుమానం అన్నాను కదా. అది డ్యూటీ రూము.

మేం ట్యూబుకు భయపడ్డాం. తరవాత బ్రిటన్‌లో థియేటర్లో గాలిలోని తుంపర్లు కొలిచి చూస్తే, మందిచ్చి పద్ధతిగా ట్యూబ్ వేసేటప్పుడు వచ్చేవి మనిషి ఒక్క దగ్గు దగ్గినప్పుడు వచ్చేవాటికంటే బాగా తక్కువని తేలింది. అంటే మేం బిక్కుబిక్కుమన్న పది నిమిషాలకంటే, మామూలు వార్డులో పల్చటి సర్జికల్ మాస్కుతో దగ్గే మనుషుల మధ్య హిస్టరీలు రాసుకున్న ఫస్టియర్ పిల్లల పరిస్థితే అన్యాయం. అంతకన్నా అన్యాయం డ్యూటీ రూము. మాది పది అడుగుల గది. రెండు మంచాలు, నలుగురం. కిటికీ ఉంది, కానీ దానికి అడ్డంగా ఏసీ బిగించి, మిగిలిన సందు అట్టముక్కతో మూసేశారు. మే నెలలో బయట 42 డిగ్రీలు, ఎవరు మాత్రం ఏసీ కట్టేస్తారు? ఆరుగంటలు పీపీఈలో ఉండి వచ్చినవాళ్ళం ఆ గదిలో మాస్కులు తీసి, ఒకే పొట్లంలోని ఉగ్గాని బజ్జీ పంచుకు తిన్నాం. నవ్వుకున్నాం కూడా. పీపీఈలో అంత జాగ్రత్తపడి, బజ్జీ దగ్గర అంటించుకున్నవాళ్ళు మాలో ఎంతమందో లెక్క తేల్చలేం. ఆ అట్టముక్క పీకెయ్యడానికి బడ్జెట్ అక్కర్లేదు, సర్క్యులర్ అక్కర్లేదు. భద్రత అంటే ఐసీయూ తలుపు లోపలిది మాత్రమే అని అందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను.

షిఫ్టుల సంగతి. రెసిడెంట్లకు, అంటే మాలాంటి పీజీలకు, ఏకధాటి డ్యూటీ మామూలుగా 12 గంటలు దాటకూడదనీ, వారానికి 48 గంటలనీ కేంద్ర ఆరోగ్యశాఖ 1992లోనే రాసింది. ఆ కాగితం నాకంటే ఏడాది పెద్దది. నేను దాన్ని పీజీ అయ్యాక చూశాను, పీజీలో ఉండగా దాని పేరెత్తినవాళ్ళు లేరు. కోవిడ్‌లో చాలాచోట్ల ఆరు గంటల షిఫ్టు పెట్టారంటే పీజీల మీద దయ కాదు, పీపీఈలో అంతకంటే మనిషి నిలవడు గనక. మా దగ్గర అదీ మనుషులున్న వారాల్లోనే, మిగతా వారాల్లో పన్నెండు. నెలసరిలో ఉన్న అమ్మాయిలకు పన్నెండు గంటలు పీపీఈ అంటే ఏమిటో డ్యూటీ చార్టు వేసే సార్లకు చెప్పడానికి మాకు సిగ్గు, వినడానికి వాళ్ళకు ఇబ్బంది. పెద్దవాళ్ళ డైపర్లు కొనుక్కున్నాం. డ్యూటీ తరవాత క్వారంటైన్ విషయంలోనూ అంతే. పీపీఈ సరిగ్గా వేసుకున్నవాళ్ళకు అక్కర్లేదని 2020 మే నెలలో కేంద్రం అంది, జూన్‌లో సుప్రీంకోర్టు దాకా పోతే గానీ ఆ మాట మారలేదు.

2021 వేసవి ఇంకా ఘోరం. మే 3న ప్రధాని కార్యాలయం నుంచి ప్రకటన వచ్చింది. పీజీ సీట్ల ప్రవేశపరీక్ష నీట్ పీజీ కనీసం నాలుగు నెలలు వాయిదా, హౌస్‌సర్జన్లను కోవిడ్ డ్యూటీల్లోకి తీసుకోవాలి, ఫైనలియర్ ఎంబీబీఎస్ విద్యార్థులు ఫోన్లో సలహాలిస్తూ తేలికపాటి కేసులు చూడాలి. అన్నీ "ఫ్యాకల్టీ పర్యవేక్షణలో" అని రాశారు. ఆ మాట చదివి మా రూమ్మేట్ పడీపడీ నవ్వింది. పర్యవేక్షణ అంటే మా దగ్గర పొద్దున రౌండ్స్‌లో అద్దం తలుపు బయటి నుంచి, "అంతా ఓకేనా?" అని బొటనవేలు ఎత్తి చూపడం. మేమూ లోపల నుంచి బొటనవేలు ఎత్తేవాళ్ళం. సరిగ్గా వారానికి, మే 10 రాత్రి, తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్రెజర్ పడిపోయి 11 మంది చనిపోయారు. ఆ రాత్రి ఇక్కడ మా ఐసీయూలో ప్రతి ఒక్కరం గోడ మీది ప్రెజర్ గేజీ వంక చూస్తూ తెల్లవార్చాం. పైపుల ప్రెజర్ పడిపోతే మొదట ఏ సిలిండర్ ఎక్కడ తగిలించాలో మాకు చూపించింది ఆక్సిజన్ రూములో పనిచేసే కాంట్రాక్టు అబ్బాయి. మొత్తం కోవిడ్‌లో నాకు సబ్బు సంగతి చెప్పింది సిస్టర్, సిలిండర్ సంగతి చెప్పింది ఆ అబ్బాయి. నా థీసిస్ కృతజ్ఞతల పేజీలో ఇద్దరి పేర్లూ లేవు. పద్ధతి ప్రకారం పెద్దల పేర్లే రాశాను.

వాయిదాపడ్డ నీట్ పీజీ సెప్టెంబర్ 11న జరిగింది, కౌన్సెలింగ్ కోర్టులో ఇరుక్కుని 2022 జనవరిలో గానీ మొదలవలేదు. అంటే మా సీనియర్లు పరీక్షలు రాసి వెళ్ళిపోయాక, కొత్త ఫస్టియర్ రాకముందు, మూడు బ్యాచ్‌లు చెయ్యాల్సిన పని రెండు బ్యాచ్‌లు చేశాయి. ఒమిక్రాన్ వచ్చింది సరిగ్గా అప్పుడే. పరీక్ష వాయిదా వేస్తే కోవిడ్ డ్యూటీలకు డాక్టర్లు ఎక్కువమంది అందుబాటులో ఉంటారని లెక్కవేసినవాళ్ళు, కిందినుంచి వచ్చేవాళ్ళూ ఆగిపోతారన్నది చూసుకోలేదు.

మిగతా డిపార్ట్‌మెంట్ల గోడు నేను పూర్తిగా చెప్పలేను. జనరల్ సర్జరీ చేసిన నా స్నేహితుడు ఏడాదిన్నర ముక్కుల్లో స్వాబులు పెట్టాడు, డేటా ఎంట్రీ చేశాడు, శవాలను కవర్లో చుట్టే చోట నిలబడి పేర్లు సరిచూశాడు. హెర్నియా ఆపరేషన్ సొంతంగా మొదటిసారి చేసింది పీజీ అయ్యాక. చేసిన కేసులు రాసే లాగ్‌బుక్ మాత్రం నిండిపోయింది, సంతకాలతో సహా. ఈఎన్‌టీ చేసిన ఇంకో స్నేహితురాలిది దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. 2021 మే, జూన్‌లలో బ్లాక్ ఫంగస్ వచ్చిపడింది. మా సీమలో షుగర్ లేని ఇల్లు తక్కువ, దానికి స్టిరాయిడ్లు తోడయ్యాయి. ఆ ఫంగస్‌కు వాడే ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం జనం చీటీలు పట్టుకుని ఊళ్ళు తిరుగుతున్నారు. ఆమె రోజూ సైనస్ ఆపరేషన్లలో నిలబడింది, మామూలు పీజీ మూడేళ్ళలో చూడనన్ని చూసింది. కాకపోతే ఆమె పక్కన ప్రతిరోజూ వాళ్ళ ప్రొఫెసర్ నిలబడ్డాడు. కష్టమైన ఆపరేషన్, పై డాక్టర్లు చెయ్యక తప్పదు, పీజీ సాయం చెయ్యక తప్పదు. ఇప్పుడు ఆ ఊళ్ళో సైనస్ ఆపరేషనంటే ఆమె పేరే చెప్తారు. ఆమెదీ కోవిడ్ బ్యాచే.

లాగ్‌బుక్కుల విషయంలో నా అభిప్రాయం చాలామంది స్నేహితులకు నచ్చదు. చెయ్యని కేసులకు సంతకాలు పెట్టి మమ్మల్ని సమయానికి బయటికి పంపడం మాకు చేసిన మేలు కాదు. ఎవరికి ఏది తక్కువైందో చూసి, మూడు నెలలో ఆరు నెలలో, సీనియర్ రెసిడెంట్ జీతమిచ్చి ఆ పని చేయించి పంపి ఉండాలి. జీతమివ్వడం ముఖ్యం. స్టైపెండు మీద ఇంకో ఆరు నెలలు లాగితే అది శిక్షణ కాదు, చవకగా పనిచేయించుకోవడం. అప్పట్లో ఈ మాటంటే నన్నే తిట్టేవాళ్ళు, పెళ్ళిళ్ళున్నాయి, అప్పులున్నాయి, ఎప్పుడు బయటపడదామా అని ఉన్నాం. నాకూ తొందరగానే ఉండింది. నేనూ సంతకాలు పెట్టించుకున్నాను.

ఆ ప్రైవేటు ఆసుపత్రిలో ఏడాది చేసి, ఇప్పుడు ఒక బోధనాసుపత్రిలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉన్నాను. అంటే అద్దానికి అటువైపు నిలబడాల్సినదాన్ని నేనే. మా యూనిట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాను, ఇది ఏ జీవోలోనూ లేదు. ఫస్టియర్ వచ్చినవాళ్ళకు ఐసీయూలో మొదటి మూడు రాత్రులు ఒంటరి డ్యూటీ లేదు. ఆ మూడు రాత్రులూ నేనో ఇంకో అసిస్టెంటో ఉంటాం. మా ఇంట్లో గొడవే. రాత్రి నిద్ర లేకపోతే నాకు మైగ్రేన్ వస్తుంది, అమ్మకు ఫోన్లోనే తెలిసిపోతుంది. పైగా పీజీలు కూడా, "మేడం మమ్మల్ని నమ్మట్లేదు" అని గుసగుసలాడతారు. ఆడుకోనీ. ఐసీయూకి అద్దం కిటికీ కావాలని రాసిన ఫైలు ఏడాదిగా ఇంజనీరింగ్ సెక్షన్‌కీ స్టోర్స్‌కీ మధ్య తిరుగుతోంది. గోడ పగలగొడితే ఏసీ చల్లదనం పోతుందని ఒక అభ్యంతరం వచ్చింది, అది అద్దమయ్యా, కన్నం కాదు అని మళ్ళీ రాశాను.

బొమ్మ మాత్రం బీరువాలోంచి బయటికొచ్చింది. ఇప్పటికే ఒక పన్ను ఊడింది. పోయిన నెల ఒక మధ్యాహ్నం నలుగురు పీజీలకు పాత స్టాకులోని పీపీఈలు తొడిగించి, ఏసీ కట్టేసి, ఇరవై నిమిషాలు అలాగే నిలబెట్టి, ఆ తరవాత ట్యూబ్ వెయ్యమన్నాను. మొదటివాడు వంగాడు, ఆగాడు, తల అటూ ఇటూ తిప్పాడు. చెమట చుక్క గీత వెతుక్కుంటున్నాడని నాకు వెనక నుంచే తెలిసింది.

"ఏం కనబడట్లేదు మేడం."

సబ్బు సీసా చేతికిచ్చాను. ఎలా రాయాలో చూపించాను. పక్కనున్న అమ్మాయి పెన్ను తీసి నోట్‌బుక్‌లో రాసుకుంటూ, ఇది ఏ గైడ్‌లైన్‌లో ఉంది మేడం అని అడిగింది. ఒక సిస్టర్ చెప్పిందన్నాను. ఆమె పేరు అడిగింది. చెప్పాను. అదీ రాసుకుంది.